పై పోర్షన్ చుట్టం

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం చేతికి రాని ఆ రోజుల్లో మగపిల్లవాడికి ఇంట్లో దొరకని హోదా అంటూ ఉండదు. గ్యాస్ బండ మార్చేది వాడే, కరెంటు బిల్లు కట్టేది వాడే, పెళ్ళిపత్రికలు పంచేది వాడే. 'గ్రూప్స్‌కి చదువుతున్నాడు' అని చుట్టాలకు చెప్పుకునే ఆ కాలమంతా నిజానికి వాడు చదివేది తక్కువ, తిరిగేది ఎక్కువ. అలా తిరుగుతున్న నన్ను పట్టుకుని మా నాయనమ్మ ఒక మంచిరోజు చూసి మా హనుమకొండ ఇంటి పై పోర్షన్‌కు మేనేజరుగా నియమించింది. జీతం లేదు, సెలవు లేదు. 'ఓ మేనేజరూ' అని వాకిట్లోంచి పిలిచినప్పుడల్లా గల్లీ మొత్తం నా వైపు చూడటం ఒక్కటే దక్కిన లాభం.

మా నాన్నది వరంగల్ చౌరస్తా దగ్గర చిన్న కిరాణం. కొట్టు నాన్నదే గానీ ఇల్లు మాత్రం నాయనమ్మది. తాతయ్య పోయేముందు కాగితాలు ఆవిడ పేరు మీద పెట్టి వెళ్ళాడు, అందుకని ఇంటి విషయంలో ఆఖరి మాట ఆవిడదే. కింద మేం నలుగురం ఉండేవాళ్ళం. పైన రెండు గదులూ ఒక వంటిల్లూ, దానికి గల్లీలోంచి వేరే మెట్లు. కిరాయికి ఇవ్వడమంటే ఇంట్లో కూర్చుని సుఖపడటం అనుకునేవాళ్ళకు మా పై పోర్షన్ చరిత్ర చెప్పాలి. ఒకాయన పైన కుట్టుమిషన్లు వరసగా పెట్టించి, సరిగ్గా మా దేవుడి గది నెత్తిమీద పొద్దస్తమానం డబడబలాడించాడు. ఒకావిడ మోటరు వేసి టీవీ ముందు కూర్చునేది, ట్యాంకు పొంగి మా అమ్మ ఆరబెట్టిన వడియాలు మళ్ళీ పిండయ్యేవి. తర్వాత బ్యాచిలర్లు దిగారు. వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళాక గోడల మీద మిగిలిన క్రికెటర్ల బొమ్మలు గీకింది నేనే. ఇవన్నీ ఒక ఎత్తయితే, పైన ఎవరూ లేకుండా గడిచే నెలలు ఇంకో ఎత్తు. ఆ నెలల్లో నాన్న అన్నం ముందు కూర్చుని ఏమీ మాట్లాడేవాడు కాదు.

ఇన్ని చూసిన నాయనమ్మ ఎవరినైనా ఏదో ఒకలా సర్దుకునేది గానీ ఒక్క విషయంలో మాత్రం వెంట్రుకవాసి తగ్గేది కాదు. కిరాయికి వచ్చేవాళ్ళ ఇంట్లో ముసలివాళ్ళు ఉండకూడదు. అంతకుముందు మా ఎదురింట్లో కిరాయికున్న ఒక పెద్దాయన పోయాడు. మనిషి పోయినందుకు కాదు గానీ, పోయిన నక్షత్రం మంచిది కాదని పంతులు చెప్పడంతో ఇంటికి తాళం వేసి నెలల తరబడి పాడుపెట్టాల్సి వచ్చింది. కిరాయివాళ్ళు వేరే ఇల్లు చూసుకుని వెళ్ళిపోయారు, ఓనరు తాళం చెవి చేతిలో పట్టుకుని మిగిలిపోయాడు. గడువు దాటినా ఆ ఇంట్లో దిగడానికి ఎవరూ రాలేదు. అప్పట్నుంచి మా గల్లీ ఓనర్లందరూ ముందుగా అడిగే ప్రశ్న అదే అయింది. (ఈ నియమం పెట్టిన మా నాయనమ్మకు అప్పటికే డెబ్బై దాటాయి. ఆ లెక్కన మా గల్లీలో ఆవిడకే ఎవరూ ఇల్లివ్వరు. ఈ సంగతి ఆవిడ ముందు అనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.)

అలాంటి సమయంలో ఒక ఆదివారం పొద్దున సర్కారు బడిలో పనిచేసే సారు ఒకాయన భార్యతో ఇల్లు చూడటానికి వచ్చాడు. నాయనమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను పక్కన చేతులు కట్టుకుని మేనేజరులా నిలబడ్డాను.

"ఎంతమంది ఉంటరు సారూ?"

"మేమిద్దరమేనమ్మా."

"ముసలోళ్ళు గిట్ల ఉన్నరా?"

ఆయన ఒక్కసారి భార్య ముఖం చూశాడు. "అమ్మ ఉన్నదమ్మా. రఘునాథపల్లి దగ్గర మా ఊర్లె ఉంటది. ఎప్పుడన్న మమ్ముల చూసిపోను వస్తది."

"చూసిపోను వస్తే ఏమున్నది, రాని. వచ్చుడు పోవుడే గాని ఉండుడు మాత్రం వద్దు. ముందుగాల్నే చెప్తాన, తర్వాత మనసుల పెట్టుకోవద్దు."

సారు తల ఊపాడు, మాటిచ్చాడు, ఆ వారమే పాలు పొంగించుకుని దిగాడు. నెల తిరగకముందే ఆయన తల్లి కూడా దిగింది. సన్నగా, పొట్టిగా, భుజాన ఒక గుడ్డసంచితో ఉండే ఆవిణ్ణి మేం పై అవ్వ అనేవాళ్ళం. వచ్చిన రోజే మెట్లు దిగి వచ్చి మా నాయనమ్మను పలకరించింది. "వదినె, చుట్టపుచూపుకు వచ్చిన. నాలుగొద్దులుండి పోత." ఆ నాలుగొద్దులు సాగి సాగి పక్షం దాటాయి. నాయనమ్మ ముగ్గు వేస్తూ వేస్తూ తలెత్తి మెట్ల వైపు ఒక చూపు చూసేది. ఆ చూపు పడిన మర్నాడే గుడ్డసంచి మెట్లు దిగేది. "పోయొస్త వదినె, ఊర్లె పనులున్నయి."

ఇంటికొచ్చిన ఆడమనిషిని ఒట్టి చేతులతో పంపడం మా ఇంటావంటా లేదు. నాయనమ్మ బీరువా తెరిచి ఒక జాకెట్ ముక్క తీసి చేతిలో పెట్టి, "మల్ల రా వదినె" అని గేటు దాకా సాగనంపేది. మళ్ళీ రమ్మని అనడం మర్యాద కోసం. కానీ పై అవ్వ నిజంగానే మళ్ళీ వచ్చేది, చాలాసార్లు ఆ సాయంత్రమే. "కొడుకు కండ్లల్ల మెదిలిండు వదినె, ఉండబుద్ధి కాలే." ఊరి నుంచి వచ్చే మనిషి కూడా ఒట్టి చేతులతో రాకూడదు కదా, అందుకని సంచిలోంచి ఏదో ఒకటి తీసేది. ఒకసారి పెసర్లు, ఒకసారి కందులు, ఒకసారి బెల్లం. "మా చేన్లయి వదినె, మందులు కొట్టనియి." అలా కొంతకాలానికి మా బీరువాలో జాకెట్ ముక్కలు తరిగిపోయాయి, మా వంటింట్లో కందులు పెరిగిపోయాయి. నాన్న కొట్టు నుంచి పప్పు తేవడం మానేశాడు. నాకు మాత్రం ఇందులో ఏ అనుమానమూ రాలేదు. మేనేజర్లకు అనుమానాలు ఆలస్యంగా వస్తాయి.

ఒకరోజు స్నేహితుణ్ణి హైదరాబాదు బస్సు ఎక్కించడానికి హనుమకొండ బస్టాండుకు వెళ్ళాను. వాణ్ణి పంపి వెనక్కి తిరిగేసరికి బెంచీ మీద పై అవ్వ. ఆ పొద్దునే మా గేటు దగ్గర జాకెట్ ముక్క తీసుకుని ఊరికని బయల్దేరిన మనిషి, మధ్యాహ్నమవుతున్నా సంచి ఒళ్ళో పెట్టుకుని, పక్కన ఎవరో ఆవిడతో పల్లికాయ పంచుకుంటూ హాయిగా కూర్చుని ఉంది. పాపం, బోర్డులు చదవడం రాక బస్సు దొరకలేదేమో అనుకున్నాను.

"అవ్వా, గదిగో జనగామ బస్సు, మీ ఊరి మీదికెంచే పోతది. ఎక్కు."

ఆవిడ నన్ను చూసి ఉలిక్కిపడింది. "గండ్ల సీట్లు లేవు బిడ్డా."

ఇంకో బస్సు వచ్చింది, సగానికి సగం ఖాళీ. "గీ డ్రైవరు మంచిగ నడుపడు కొడుకా, నాకు ఎరుకే." మూడో బస్సుకు కాళ్ళు గుంజుతున్నాయంది. నాకు ఎక్కడలేని బాధ్యత ముంచుకొచ్చింది. పెద్దమనిషి, ఒక్కతే, ఎవరి సాయమూ లేదు. సంచి లాక్కుని, చేయి పట్టుకుని, ఆవిడ 'వద్దు బిడ్డా, వద్దు బిడ్డా' అంటున్నా వినకుండా బస్సెక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టాను. కండక్టరుకు రఘునాథపల్లిలో జాగ్రత్తగా దింపమని చెప్పాను. బస్సు కదులుతుంటే కిటికీలోంచి నా వైపు చూసిన ఆ చూపును కృతజ్ఞత అనుకుని చెయ్యి కూడా ఊపాను. ఇంటికొస్తూ దారి పొడుగునా నన్ను నేనే మెచ్చుకున్నాను.

సాయంత్రం బడి వదిలాక సారు చెమటలు కక్కుకుంటూ మా వాకిట్లోకి వచ్చాడు. "తమ్మీ, అమ్మ ఇటేమన్న వచ్చిందా? బస్టాండ్ల లేదు."

"ఊరికి పోయింది గద సార్. నేనే బస్సెక్కించిన," అన్నాను గర్వంగా.

ఆయన అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. "ఊర్లె ఇల్లు లేదు తమ్మీ. మొన్నటి వానలకే కూలింది."

అప్పుడు తెలిసింది అసలు సంగతి. వెళ్ళొస్తానని మా గేటు దాటిన ప్రతిసారీ ఆవిడ వెళ్ళింది బస్టాండు దాకానే. పొద్దంతా ఆ బెంచీ మీద గడిపి, కొడుకు బడి నుంచి వస్తూ బండి మీద ఎక్కించుకుంటే, దారిలో ఏ పెసర్లో కొనుక్కుని మా ఇంటికి చుట్టంగా వచ్చేది. ఇచ్చిన మాట తప్పకుండా తల్లిని దగ్గర ఉంచుకోవడానికి పాపం ఆయనకు తోచిన ఉపాయం అది. నేను ఎక్కించిన బస్సు ఆవిణ్ణి ఎవరూ లేని ఊరి మలుపులో దింపి పోయింది.

సారు బండి తీశాడు, నేను వెనక ఎక్కాను. రఘునాథపల్లి చేరేసరికి చీకటి పడింది. రోడ్డు పక్క టీకొట్టు ముందు బల్ల మీద ఉందావిడ. టీ కొట్టాయనతో వాళ్ళ ఊరి సంగతులు మాట్లాడుతోంది. మమ్మల్ని చూడగానే లేచి, కొడుకును వదిలేసి నన్ను ఓదార్చడం మొదలుపెట్టింది. తిరుగు దారిలో సారు బండి మీద, మేమిద్దరం బస్సులో. నేను తలొంచుకుని కూర్చుంటే ఆవిడే నా మోకాలి మీద తట్టింది. "నువ్వేం ఫికర్ చేయకు కొడుకా. చుట్టమన్నంక పోవాలె గద. నువ్వు నిజంగనే తోలిచ్చినవు, గంతే." ఆ మాటకు నవ్వాలో ఏడవాలో నాకు ఆ వయసులో తెలియలేదు.

ఇంటికి చేరేసరికి నాయనమ్మ గేటు పట్టుకుని నిలబడి ఉంది. సారు చేతులు జోడించి ఏదో చెప్పబోయాడు. ఆవిడ వినిపించుకోకుండా పై అవ్వ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి నీళ్ళిచ్చింది. తర్వాత నేను చాటుగా అడిగాను.

"నాయినమ్మా, నీకు ముందే తెలుసా?"

"తెల్వకేంది? గా కందులు చేటల పోయంగనే తెలిసింది. మీ నాయిన కొట్టులయే. బస్తా విప్పి చెరిగింది నేనే, ఇంక నేను గుర్తుపట్టనా?"

"మరి ముసలోళ్ళు ఉండొద్దన్నవు గద?"

"కిరాయికి ఉండొద్దన్న. ఇంటికొచ్చిన చుట్టాన్ని పొమ్మంటరార ఎవరన్న?" అని, ఇంకో ప్రశ్నకు చోటివ్వకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత గుడ్డసంచి మెట్లు దిగడం ఆగిపోయింది. మధ్యాహ్నం పూట ఇద్దరూ మా వరండాలో చాయ్ గ్లాసులు ముందు పెట్టుకుని గల్లీలో వచ్చేపోయేవాళ్ళందరి మీదా తీర్పులు చెప్పేవాళ్ళు. చుట్టమే గాని కిరాయిదారు కాదు కనుక నాయనమ్మ నియమం చెక్కు చెదరలేదు. లోకంలో ఇంత బలమైన చట్టం, ఇంత పెద్ద సందుతో, నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

మరుసటి వానాకాలం పై అవ్వకు జ్వరం పట్టుకుని ఊపిరితిత్తుల్లోకి దిగింది. దవాఖానలో కొన్నాళ్ళు ఉంచి, వయసు మీద పడింది, ఇంటికి తీసుకుపోయి చూసుకోండి, తర్వాత దేవుడి దయ అన్నారు. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. సారు దవాఖాన నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అమ్మా, ఇయ్యాలనే ఊరికి తీస్కపోతాన. మీకు మాటిచ్చిన గద. మీ ఇంటికి చెడ్డపేరు తేను."

"ఊర్లె ఏడ ఉంచుతవు?" అంది నాయనమ్మ.

"తెలిసినోళ్ళ పశువుల కొట్టం ఖాళీగ ఉన్నదట. సాఫ్ చేయిస్తాన."

నాయనమ్మ ఆయన భుజం మీదుగా ఎదురింటి వైపు చూసింది. ఎదురింటి తాళం, నాన్న మౌనంగా తినే అన్నం, ఆవిడ డెబ్బై ఏళ్ళ లెక్కలు అన్నీ ఆ కాసేపట్లో కళ్ళముందు తిరిగే ఉంటాయి. తర్వాత లేచి తన గదిలోకి వెళ్ళి, తన మంచం మీది బట్టలు దులిపి, కొత్త దుప్పటి పరిచింది.

"ఈడికి తీస్కరా. పైన కిరాయి ఇల్లు, నువ్విచ్చిన మాట పైదానికి. ఇది నా ఇల్లు. ఇండ్ల ఎవలు ఉండాల్నో నేను చెప్త."

ఇంటి సంగతుల్లో ఎప్పుడూ నోరెత్తని నాన్న ఆ రోజు నోరెత్తాడు. "అమ్మా, ఏమన్నయితే ఇల్లు పాడుపెట్టాలె. మనం నలుగురం ఏడికి పోవాలె?"

"ఏడికో కాడికి పోదాం తియ్యి. ఊపిరాడని మనిషిని కొట్టంల పడుకోబెట్టి, నేను గీ మంచంల నిద్రపోతనా?" నాన్న వెళ్ళి ఆటో మాట్లాడుకొచ్చాడు.

ఆ తర్వాత గల్లీ ఓనర్లు వరసగా వచ్చి పరామర్శించారు. పేరుకు రోగిని చూడటానికే గానీ వాళ్ళ చూపంతా మా ఇంటి గుమ్మం మీద, పాపం ఈ ఇంటికి ఎప్పుడు తాళం పడుతుందో అన్నట్టు. మా అమ్మ గంజి కాచింది, సారు భార్య మందులు చూసుకుంది, నాయనమ్మ కింద చాప మీద పడుకుని రోగి దగ్గినప్పుడల్లా 'వదినె, వదినె' అని లేపి ఆవిడకు నిద్ర లేకుండా చేసింది. ఆ బాధ పడలేకనో, నిజంగా దేవుడి దయో, పై అవ్వ నెమ్మదిగా లేచి కూర్చుంది. లేచి కూర్చున్న మనిషి మోకాళ్ళు మెట్లెక్కనంటున్నాయని మళ్ళీ పైకి పోనేలేదు. పేరుకు పై అవ్వే గానీ ఉండటం మాత్రం కింద, మా నాయనమ్మ గదిలో, మా నాయనమ్మ మంచం మీద. నాయనమ్మ కొత్త మంచం కొనిపించుకుని, పాతదాని మీద నిద్ర బాగా పట్టేదని ఎప్పుడూ సణిగేది.

అందరూ చూసిన గుమ్మం మీద తాళం పడనే పడింది, రెండేళ్ళు గడిచాక. పోయింది పై అవ్వ కాదు, మా నాయనమ్మ. ఒక పొద్దున వరండాలో చాయ్ తాగుతూ, ఎవరో కొత్తకోడలి నడక గురించి తీర్పు చెబుతూ, ఆ తీర్పు సగంలో ఉండగానే ఒరిగిపోయింది. పంతులు పంచాంగం తిరగేసి నక్షత్రం బాగాలేదన్నాడు. కర్మలవగానే కింది ఇల్లు పాడుపెట్టాలి. మెట్లు వేరు, గుమ్మం వేరు కనుక పైదానికి దోషం లేదన్నాడు.

కొన్ని నెలల కోసం నాన్నా నేనూ ఇల్లు వెతుక్కుంటూ తిరిగాం. ఇన్నాళ్ళూ కుర్చీ పక్కన చేతులు కట్టుకుని నిలబడిన నేను ఇప్పుడు కుర్చీల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. పాడుపెట్టిన ఇంటి మనుషులం అని తెలియగానే అందరి ముఖాల్లోనూ అదే మర్యాద, అందరి నోటా ఒకే మాట. "ఇయ్యరాదని కాదు గాని, మీకు తెల్వదా చెప్పు." మాకు తెలుసు. మా గల్లీకి ఆ సంగతి నేర్పినవాళ్ళలో మా ఇంటి మనిషి కూడా ఉంది. చివరికి ఒక సాయంత్రం సారు కిందికి వచ్చాడు. మా అమ్మ సర్దిపెట్టిన మూటలు చూసి, ఒకటి భుజాన వేసుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. నాన్న 'సారూ, రెండే గదులు గద' అంటుంటే, ఆయన తిరక్కుండానే "ఇన్నొద్దులు కింద ఒక గదిల ఇద్దరున్నరు గద" అన్నాడు.

మోకాళ్ళు సహకరించవని రెండేళ్ళుగా మెట్లెక్కని పై అవ్వ మాకంటే ముందే, గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకి చేరుకుంది. మేం మూటలతో వెళ్ళేసరికి గుమ్మంలో నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాన్న గడప దగ్గర సందేహంగా ఆగిపోయాడు. మా అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లోపలికి వెళ్ళి కుర్చీ అంచున, లేవడానికి సిద్ధంగా కూర్చున్నాను.

"మంచిగ కూసో కొడుకా," అంది పై అవ్వ. తర్వాత మా నాన్న వైపు తిరిగి, "లోపటికి రా బిడ్డా, మొగమాట పడకుండ్రి. మీ ఇల్లే అనుకోండ్రి," అంది.

ఆ క్షణాన అది మా ఇల్లేనన్న సంగతి ఆవిడకూ గుర్తులేదు, మాకూ గుర్తులేదు. నాన్న 'సరే అవ్వా' అని చెప్పులు బయట విడిచి, ఎవరింటికో వచ్చినంత వినయంగా లోపలికి అడుగుపెట్టాడు. నెలలు గడిచాక, మళ్ళీ కిందికి దిగి ఇల్లు సర్దుకుంటూ ఉండగా నాకా మాట ఉన్నట్టుండి తట్టి, చీపురు పట్టుకునే ఒక్కణ్ణీ పడీపడీ నవ్వాను. అమ్మ వచ్చి ఏమిట్రా అంది. చెప్పాను. ఆవిడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడు ఆ పోర్షన్ నిజంగానే నా చేతి కిందికి వచ్చింది, ఓనరు అని నన్నే పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ ఆ కుర్చీ అంచున కూర్చున్న కుర్రాడే గుర్తొస్తాడు. పై అవ్వ అన్న ఆ మాట నాయనమ్మ కూడా విని ఉంటే ఎంత నవ్వేదో అనిపిస్తుంది.